డమాస్కస్‌లో తలుపు తీసిన అమీర్

పిల్లలూ,

సూఫీ అనగానే మీకు ఖవ్వాలీ, ఉరుసు, గంధం గుర్తొస్తాయి. తప్పేం లేదు. మా కడప పెద్ద దర్గాకు ఎ.ఆర్. రెహమాన్ వచ్చాడంటే సెల్‌ఫోన్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లను చూస్తూనే ఉన్నాను. కానీ ఆ మార్గంలో ఉన్నది పాట ఒక్కటే అనుకోకండి. అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదర్ కథ వినండి.

ఆయన 1808లో పుట్టాడు. తండ్రి ఖాదరీ అనే సూఫీ గురుపరంపరలో పీరు, అంటే గురువు. అమీర్ 1832 నుంచి పదిహేనేళ్లు, తన దేశాన్ని ఆక్రమిస్తున్న ఫ్రెంచి సైన్యంతో పోరాడాడు. చిక్కిన ఖైదీల ప్రాణం తీయరాదని తనవాళ్లకు కట్టుబాటు పెట్టాడు. 1847లో లొంగిపోతే, తూర్పు దేశాలకు పంపిస్తామన్న ఫ్రెంచివాళ్లు మాట తప్పి తమ దేశంలోనే 1852 దాకా నిర్బంధించారు. వెంట వచ్చినవాళ్లు ఎందరో అక్కడే మట్టిలో కలిశారు. కక్ష పెంచుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? విడుదలయ్యాక 1855లో డమాస్కస్ చేరి, సూఫీ తాత్వికుడు ఇబ్న్ అరబీ గ్రంథాలు పాఠం చెప్పుకుంటూ ఉండిపోయాడు.

1860 జులైలో ఆ ఊళ్లో క్రైస్తవుల పేటకు నిప్పు పెట్టారు. లెబనాన్ కొండల్లో రాజుకున్న గొడవ అది. గవర్నరు చేతులు ముడుచుకు కూర్చున్నాడు. అమీర్ మాత్రం తన అల్జీరియన్లను వెంటేసుకుని మండుతున్న సందుల్లోకి వెళ్లి, దొరికినవాళ్లను దొరికినట్టు ఇంటికి తోలుకొచ్చాడు. ఇల్లు నిండిపోతే జట్లుజట్లుగా కోటకు చేర్పించాడు. క్రైస్తవుణ్ణి ప్రాణాలతో తెచ్చినవాడికి డబ్బిస్తానని చాటించి, వాకిట్లో చాప వేసుకుని సంచీ పక్కన పెట్టుకు కూర్చున్నాడు. గుంపు మీదికొచ్చి వాళ్లను అప్పగించమంటే, తాను బతికుండగా జరగదన్నాడు. అలా వేలమంది బతికారు. ఫ్రెంచి ప్రభుత్వం పతకం ఇచ్చింది. అమెరికా అధ్యక్షుడు లింకన్ రెండు పిస్తోళ్లు పంపాడు (ప్రాణాలు కాపాడినందుకు పిస్తోళ్లేమిటో!).

1862లో అల్జీర్స్ బిషప్‌కు రాసిన జాబులో అమీర్ రెండు కారణాలు చెప్పాడు: ఒకటి తన షరీఅత్ (ఇస్లాం ధర్మశాస్త్రం), రెండోది మానవాళి హక్కులు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు 86 ఏళ్ల ముందు మాట ఇది. ఈ హక్కులు పడమటి సరుకని మా ముస్లింలలో కొందరూ, ముస్లింలకు ఇవి ఎక్కవని బయట కొందరూ అంటుంటారు. ఇద్దరికీ ఈ జాబు చూపించండి.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకొకటి. 1856లోనే, డమాస్కస్‌ను ఏలే ఆటమన్ సుల్తాన్ అన్ని మతాలవాళ్లూ సమానమని ఫర్మానా ఇచ్చాడు. నాలుగేళ్లకే ఆ పేట తగలబడింది. కాగితం మీది హక్కు ఆ రోజు ఒక్కరినీ కాపాడలేదు, పొరుగువాడు కాపాడాడు. మరి పొరుగువాడు అమీర్ కాకపోతే? మహానుభావుల కోసం ఎదురుచూసే బతుకు శాంతి కాదు. చట్టమూ కావాలి, దాన్ని తనదనుకునే మనసూ కావాలి. పీర్లు పని చేసింది ఈ రెండోదాని మీద.

కాగితానికీ మనసుకీ ఉన్న ఈ దూరం తర్వాతా కనిపించింది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన ఓటుకొచ్చినప్పుడు సౌదీ అరేబియా తటస్థంగా ఉండిపోయింది. మతం మార్చుకునే స్వేచ్ఛ గురించిన 18వ అధికరణం దానికి మింగుడుపడలేదు. పాకిస్తాన్ తరఫున జఫరుల్లా ఖాన్ మాత్రం ఖురాన్‌నే ఆధారం చేసుకుని దాన్ని సమర్థించాడు. ఆయన అహ్మదీ శాఖవాడు. అదే పాకిస్తాన్ 1974లో రాజ్యాంగం సవరించి, ఆయన బతికుండగానే అహ్మదీలు ముస్లింలు కారని తేల్చింది.

కాబట్టి, అమీర్‌లా ఎవరి వాళ్లకు వాళ్లే ఎదురు నిలవాలి. మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ముస్లింలకు ఇల్లు అద్దెకివ్వొద్దని ఎవరైనా రాస్తే, అందులోని హిందూ పిల్లలు జవాబివ్వాలి. దర్గాకు వెళ్లేవాడు ముస్లిమే కాడనీ, అహ్మదీని ఖబరస్తాన్‌లో పూడ్చనివ్వకూడదనీ మసీదు మెట్ల మీద ఎవరైనా అంటే, అక్కడ నోరు విప్పాల్సింది మా ముస్లిం పిల్లలు.

ఇట్లు,
కడప నుంచి మీ తాత వయసువాడు