రిపోర్టులో మాట, నడుములో నొప్పి

మన సింధనూరు క్యాంపుల్లో నడుంనొప్పి ఎరగని ఇల్లు అరుదు. వరినాట్లు, బస్తాల మోత, ట్రాక్టరు సీటు, మా బోటివాళ్ళకు బ్యాంకు కుర్చీ. ఇదివరకు కాపడంతో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు రాయచూరో, బళ్ళారో వెళ్ళి ఎమ్మారై తీయించుకుంటున్నాం. రిపోర్టులో "ఎండ్‌ప్లేట్ చేంజెస్, మోడిక్ టైప్ టూ" అని కనబడగానే వెన్నెముక పని అయిపోయిందని బెంగపడి, ఆపరేషనుకు అప్పు లెక్కలు వేసుకునేవారూ ఉన్నారు. నేను కామర్సు చదివినవాణ్ణి, డాక్టర్ని కాను. అయినా ఆ మాటల అర్థం తెలిస్తే సగం భయం తగ్గుతుందని ఈసారి ఈ విషయం ఎత్తుకున్నాను.

వెన్నుపూసకూ డిస్కుకూ మధ్యనుండే పలుచని పొరే ఎండ్‌ప్లేట్. పెద్దవాళ్ళ డిస్కులోకి రక్తనాళాలు దాదాపుగా వెళ్ళవు. కాలవ లేని మడికి పక్క మడి ఊట అందినట్లు, దానికి పోషకాలు ఈ పొర గుండానే చేరాలి. పొర దెబ్బతింటే పక్కనున్న పూస మజ్జలోనూ మార్పు వస్తుంది. అమెరికా రేడియాలజిస్టు మైకేల్ మోడిక్, ఆయన సహచరులు 1988లో వీటిని వర్గీకరించారు. మొదటి రకం వాపు, రెండవది కొవ్వు చేరడం, మూడవది ఎముక గట్టిపడడం. మొదటి రకానికి నొప్పితో సంబంధం కాస్త ఎక్కువ. కాని ఏ నొప్పీ లేనివారిలోనూ ఈ మార్పులు కనబడతాయి. ఆడిట్ రిపోర్టులో రాసిన ప్రతి అభ్యంతరమూ మోసం కాదు గదా!

కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం చేసిన అధ్యయనం 2021లో అచ్చయింది. నడుంనొప్పివారిలో కొందరికి ఎమ్మారైలోని లోపాలన్నీ విడమరిచి చెప్పారు. మిగిలినవారికి ఇవి వయసుతో వచ్చే మామూలు మార్పులేనని ధైర్యం చెప్పారు. వైద్యం అందరికీ ఒకే తీరు. ఆరు వారాలకు మొదటివారిలో దిగులు ఎక్కువ, నొప్పి తగ్గింది తక్కువ!

ఈ మార్పులకు నెలల తరబడి యాంటిబయాటిక్స్ వాడాలనే వాదమూ ఒకటుంది. నార్వేలో 180 మందిపై మూడు నెలలు పరీక్షించి, 2019లో చెప్పుకోదగ్గ ఫలితం లేదని తేల్చారు.

అలాగని అశ్రద్ధ పనికిరాదు. నొప్పితోపాటు జ్వరం, బరువు తగ్గడం, కాళ్ళలో బలహీనత, తొడల మధ్య తిమ్మిరి, మలమూత్రాలపై అదుపు తప్పడం ఉంటే ఆలస్యం చేయకండి. వెన్నుకు క్షయ సోకినా పూసల అంచులు దెబ్బతింటాయి. ఇవేవీ లేకపోతే మంచం పట్టకుండా, ఓర్చుకోగలిగినంత నడవండి. డాక్టరు దగ్గర, "నా నొప్పికి ఈ మార్పే కారణమా?" అని అడగండి. ఆపరేషను మాట, అప్పు మాట ఆ తరువాత.