దుబాసీలు మన ఇళ్ళలోనే ఉన్నారు

దుబాసీ అన్న మాట ఇప్పుడు వాడుకలో లేదు. రెండు భాషలు తెలిసినవాడని దాని అర్థం. ఇద్దరి నడుమ నిలబడి ఒకరి మాట మరొకరికి అందజేసేవాడు. ఆ లెక్కన నల్లపాడులోనైనా, నరసరావుపేటలోనైనా మన ముస్లిం ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డా దుబాసీయే. అమ్మీ వంటింట్లోంచి 'నమక్ లేకే ఆ బేటా' అంటుంది. వాడు కొట్టుకు వెళ్ళి 'ఉప్పు ఇవ్వండి' అంటాడు. ఆ రెండు మాటల మధ్య వాడు చేసిన పనికి ఏ పేరూ లేదు, ఏ మెప్పూ లేదు. పైగా 'ఇంగ్లీషు వస్తే చాలు, రెండేసి భాషల బరువెందుకు' అని విసుక్కునే తల్లిదండ్రులు ఏటేటా పెరుగుతున్నారు.

ఈ మధ్య మా వద్ద చదువుకున్న ఒక కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి, పర్యాటక నిర్వహణ కోర్సులో చేరతానన్నాడు. ఇల్లంతా అట్టుడికింది. తండ్రి మిర్చి వ్యాపారి వద్ద గుమాస్తా. 'టికెట్లు అమ్ముకునే పనికి చదువెందుకు మౌల్వీ సాబ్, మీరైనా నచ్చజెప్పండి' అని మమ్మల్ని పిలిపించారు. మేము వెళ్ళాము, నచ్చజెప్పాము. కొడుక్కి కాదు, తండ్రికి.

ఆయన భయంలో నిజం లేకపోలేదు. మన బస్తీల్లో ట్రావెల్స్ అనే బోర్డు కింద జరిగే పనులు రెండే: గల్ఫ్ వీసా, ఉమ్రా ప్యాకేజీ. పాస్‌పోర్టు తీసుకుంటారు, డబ్బు తీసుకుంటారు, విమానం ఎక్కిస్తారు. వెళ్ళినవారికి మస్జిద్, హోటలు గది, దుకాణం తప్ప మరొకటి తెలియదు. ఇబాదత్ కోసం వెళ్ళినవారికి అదే ముఖ్యం, కాదనము. కానీ డమాస్కస్ నుంచి మదీనాకు 1908లో రైలు వచ్చిందనీ, ఆ పాత స్టేషను భవనాన్ని తరువాతి కాలంలో మ్యూజియంగా మార్చారనీ ఎంతమంది హాజీలకు తెలుసు? రైలు కూత వింటూ పెరిగిన మన నల్లపాడు జంక్షన్ వాళ్ళకైనా ఎవరన్నా చెప్పారా? చెప్పాలంటే చెప్పేవాడికి తెలియాలి. యాత్ర చేయించేవాడికీ టికెట్లు అమ్మేవాడికీ తేడా అదే.

యాత్ర తెలిసినవాడు ఎలా తయారవుతాడు? తెలుగులో యాత్రా గ్రంథమంటే మొదట తలచుకునే పేరు ఏనుగుల వీరాస్వామయ్య. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఇంగ్లీషు నేర్చి, మద్రాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ పదవికి ఎదిగాడు. తెలుగువాడి గోడు ఇంగ్లీషు జడ్జికి, జడ్జి మాట తెలుగువాడికి చెప్పడం ఆయన ఉద్యోగం. 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళి, జగన్నాథం మీదుగా తిరిగి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరాడు. దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు వ్రాసి పంపిన సంగతులే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆయన వెళ్ళింది పుణ్యానికే. అయినా ఏ మజిలీలో బస దొరుకుతుంది, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, దారి రాళ్ళదా ఇసుకదా, జనం ఎలా మాట్లాడతారు, ఎలా బతుకుతారు అన్నీ వ్రాశాడు. జీవితమంతా ఇతరుల మాటను మార్చకుండా చెప్పడం అలవాటైనవాడి చూపు అది. అన్నట్టు ఈ 'మజిలీ' మన 'మంజిల్'కు చుట్టమే. 'మకాం' సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రయాణాల విషయంలో తెలుగూ ఉర్దూ ఏనాడో ఒకే సత్రంలో దిగాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరొకాయన ఇల్లు వదిలాడు. పేరు యూసుఫ్ ఖాన్, జనం కంబల్‌పోష్ అన్నారు, అంటే కంబళి కప్పుకున్నవాడు. హైదరాబాదు వాడు. 1828లో బయలుదేరి పట్నా, ఢాకా, మన మచిలీబందరు, మద్రాసు వంటి ఊళ్ళు తిరిగి, చివరకు లక్నో నవాబు కొలువులో సిపాయీల మీద అధికారిగా కుదురుకున్నాడు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకున్నాడు. ఆ భాషలోని చరిత్ర పుస్తకాలు చదివాక ఆ దేశం చూడాలన్న కోరిక పుట్టింది. ఎవరూ పంపలేదు, వ్యాపారం లేదు, రాయబారం లేదు. సెలవు పెట్టి 1837లో కలకత్తాలో ఓడ ఎక్కి లండన్ చేరాడు. పారిస్ చూశాడు, ఈజిప్టు మీదుగా బొంబాయికి తిరిగి వచ్చాడు. 1847లో ఢిల్లీలో అచ్చయిన ఆయన పుస్తకం ఉర్దూలో తొలి సఫర్‌నామాగా పేరు పొందింది. తరువాత 'అజాయబాతె ఫరంగ్' అన్న పేరుతో ప్రసిద్ధమయింది.

ఆ పుస్తకంలోని మద్యం ముచ్చట్లు, షోకులు మన ఇళ్ళలో చదివి వినిపించదగినవి కావు. ఆయన దీనీ ధోరణి కూడా మాకు నచ్చదు. అయినా మంచిని మంచి అన్నాడు, తనకు నచ్చనిదాన్ని దాచలేదు. ఇంగ్లీషువాళ్ళ విద్యను మెచ్చుకున్నాడంటే వాళ్ళ భాష తెలిసి మెచ్చుకున్నాడు. ఇద్దరిలోనూ మేము చూసేది ఇదే. ముందు భాష, ఆ తరువాత ప్రయాణం. ఇప్పటి ట్రావెల్స్ వ్యాపారం దీన్ని తలకిందులు చేసింది.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం అల్ బిరూనీ భారతదేశం గురించి వ్రాయడానికి సంస్కృతం నేర్చుకున్నాడు, పండితులను అడిగి తెలుసుకున్నాడు. హిందువులు ఏమి నమ్ముతారో వారి మాటల్లోనే చెప్పాలని పట్టుబట్టాడు. ఎదుటివాడి నమ్మకాన్ని వక్రించకుండా చెప్పడంవల్ల ఆయన ఈమాన్‌కు లోటు రాలేదు.

'పరాయి సంస్కృతుల్లో పడితే పిల్లలు చెడిపోతారు హజ్రత్' అన్నది ఆ తండ్రి చివరి అస్త్రం. భూమి మీద సంచరించి చూడమని ఖుర్ఆన్ ఒకటికి పదిసార్లు చెబుతోంది. ముసాఫిర్‌కు నమాజు కుదించుకునే సౌలభ్యం ఉంది, జకాత్‌లో బాటసారికి వాటా ఉంది. ప్రయాణమే చెడ్డదైతే ఇన్ని ఏర్పాట్లు ఎందుకు? చెడిపోయేవాడు గుంటూరు బస్టాండు దాటకుండానే చెడిపోతాడు.

ఆడపిల్లల సంగతీ అడిగారు. లండన్ మాట తరువాత, ముందు చుట్టుపక్కల చూద్దాము. అమరావతి మనకు దగ్గరే. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయెన్ త్సాంగ్ 7వ శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చి, ఉండి చదువుకున్నాడు. 2006 జనవరిలో దలైలామా కాలచక్రకు అక్కడికి దేశదేశాల బౌద్ధులు వచ్చారు. కొండవీడు కోటను రెడ్డిరాజుల తరువాత కుతుబ్‌షాహీలు ఏలారు, ముర్తజానగర్ అన్నారు. సముద్రం వైపు మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుని శాసనం ఉంది. తుఫానుకు కొట్టుకువచ్చిన పరదేశి ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, ఇకమీదట సుంకం మాత్రమే తీసుకుంటామని అందులో అభయమిచ్చాడు. ఈ కథలను వచ్చిన అతిథికి చెప్పగలిగిన అమ్మాయికి ఇల్లు విడిచి ఎక్కడికో పోవలసిన పనిలేదు. తండ్రి స్కూటరు మీద పొద్దున వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. లక్నో నుంచి వచ్చినవారికి ఉర్దూలో చెబుతుంది, శ్రీకాకుళం నుంచి వచ్చినవారికి తెలుగులో చెబుతుంది. ఇంగ్లీషు కాలేజీ నేర్పుతుంది. ఇలాంటి పిల్లలు ఎన్ని కులాల ఇళ్ళలో ఉన్నారు?

అయితే చిక్కొకటి ఉంది. మన పిల్లలు ఉర్దూ మాట్లాడుతున్నారు, చదవలేకపోతున్నారు. సఫర్‌నామా అంటే అర్థమవుతుంది, అలిఫ్ బే రాదు. వీరాస్వామయ్యను మూలంలో చదవగలిగిన పిల్లలకు యూసుఫ్ ఖాన్ మాత్రం మూసిన పుస్తకమే. 2014లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో హైదరాబాదు వాడి కథ చదువుకోవలసిన గతి వారిది. వేసవి సెలవుల్లో అసర్ తరువాత అరగంట కూర్చోబెడితే రెండు నెలల్లో లిపి పట్టుబడుతుంది, మేము నేర్పిన పిల్లల్లో చూశాము. దీనికి ఫీజు అక్కర్లేదు, ఇంట్లో నానీ ఉంటే ఆమే చాలు.