క్లీన్‌రూమ్‌కు ముందు కాగితం

తెలుగిళ్లలో బంగారానికి ఉన్న మర్యాద ఇంకే లోహానికీ లేదు. చిప్‌లు తయారయ్యే క్లీన్‌రూమ్‌లో మాత్రం దాని పేరెత్తితేనే ఫర్నేసు చూసుకునే టెక్నీషియన్‌ ఉలిక్కిపడతారు. బంగారం పూత పడిన సిలికాన్‌ వేఫర్‌ను ఎవరో పొరపాటున వెయ్యి డిగ్రీల ఫర్నేసులో పెట్టారనుకోండి. బంగారం పరమాణువులు సిలికాన్‌లోకి చకచకా పాకి, కరెంటును మోసే ఎలక్ట్రాన్లను మధ్యలోనే పట్టేస్తాయి. నష్టం ఆ ఒక్క వేఫర్‌తో పోదు. ఫర్నేసు గొట్టానికి అంటిన మరక తర్వాత వచ్చేవాళ్ల వేఫర్లనూ చెడగొడుతుంది. అందుకే చాలా ల్యాబుల్లో బంగారం తగిలిన వేఫర్లకు పట్టకార్లు వేరు, బీకర్లు వేరు. మడి అంటే ఇదీ అని నవ్వుకోవచ్చు గానీ, ఈ మడికి లెక్క ఉంది.

క్లీన్‌రూమ్‌ అనగానే అందరికీ గాలి శుభ్రతే గుర్తొస్తుంది. 1960ల మొదట్లో అమెరికాలోని శాండియా ల్యాబ్‌లో విల్లిస్‌ విట్‌ఫీల్డ్‌ వడగట్టిన గాలి ఒకే దిశలో పారే గదిని రూపొందించారు. ‘క్లాస్‌ 100’ గదిలో ఘనపుటడుగు గాలికి అర మైక్రాను, అంతకు మించిన ధూళి కణాలు వంద దాటకూడదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ కట్టడి ఎంతటిదో తెలుస్తుంది. తెల్ల సూట్లు, పసుపు దీపాలు పేపర్లో ఫొటోకు బాగుంటాయి. ఆ గదిలో అడుగుపెట్టక ముందే రాసుకోవాల్సిన కాగితం మాత్రం ఎవరి కంటా పడదు. ఏ పని తర్వాత ఏ పని, ఎంత వేడిలో, ఎంతసేపు, అయ్యాక దేంతో కొలవాలి అన్నది చెప్పే ప్రాసెస్‌ ఫ్లో అది. మన ఇంజనీరింగ్‌ చదువుల్లో దానికి చోటు దక్కకపోవడం పెద్ద లోటు.

బీపీ చూసే డిజిటల్‌ మిషన్‌లో ఉండే ప్రెషర్‌ సెన్సర్‌నే తీసుకుందాం. వేఫర్‌ను వెనక వైపు నుంచి తొలిచి, పైన 25 మైక్రాన్ల మందాన పలచటి పొర మిగులుస్తారు. దీన్ని డయాఫ్రమ్‌ అంటారు. ఒత్తిడికి అది వంగుతుంది. దాని అంచుల దగ్గర బోరాన్‌ చొప్పించి చేసిన రెసిస్టర్లు ఆ వంపును కరెంటు భాషలో చెబుతాయి. వాటిని బయటికి కలిపే తీగలు అల్యూమినియంవి. వినడానికి ఇంతే.

వరుస రాయడానికి కూర్చున్నాకే తలనొప్పి మొదలవుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. సిలికాన్‌తో కలిస్తే 577కే. కాబట్టి ఆక్సైడ్‌ పెంచడం, బోరాన్‌ను లోపలికి పంపడం, వెనక వైపు కాపుగా సిలికాన్‌ నైట్రైడ్‌ పొర వేయడం లాంటి వేడి పనులన్నీ అల్యూమినియం కంటే ముందే అయిపోవాలి. పైగా ఫర్నేసులో పెట్టిన ప్రతిసారీ బోరాన్‌ ఇంకాస్త లోతుకు జారుతుంది. చివరికి ఎంత లోతున ఆగాలో మొదటే లెక్కేసుకోవాలి. ప్లాస్టరింగ్‌ అయ్యాక కరెంటు పైపు గుర్తొచ్చి గోడ పగలగొట్టే మేస్త్రి మన వీధుల్లో కొత్తేం కాదు. ఇక్కడ మాత్రం పగలగొట్టడానికి గోడ మిగలదు.

అసలు చిక్కు తొలిచే దగ్గర ఉంది. ఆ పని చేసే పొటాషియం హైడ్రాక్సైడ్‌ ద్రావణం అల్యూమినియాన్నీ తినేస్తుంది. సరే, ముందు తొలిచి తర్వాత అల్యూమినియం వేద్దామంటే, తీగల నమూనా దిద్దేందుకు కాంతికి స్పందించే రెసిస్ట్‌ను పూయడానికి వేఫర్‌ను వాక్యూమ్‌తో పట్టి నిమిషానికి వేల చుట్లు తిప్పే స్పిన్నర్‌ మీద ఆ పలచటి పొర చిట్లిపోవచ్చు. లోహం ముందే వేసి, పైవైపు ద్రావణం తగలకుండా హోల్డర్‌లో బిగించి తొలవడం ఇంకో దారి. దాని రబ్బరు రింగు కారితే వేఫర్‌ పోయినట్లే. ఏ దారికి ఆ ముల్లు ఉంది. ఏ ముల్లు మేలో సూట్‌ వేసుకున్నాక ఆలోచించకూడదు.

కొలతలదీ ఇదే కథ. పొటాషియం హైడ్రాక్సైడ్‌ మామూలు వేఫర్‌ను నిట్టనిలువుగా తొలవదు. 54.7 డిగ్రీల వాలుతో, తలకిందులైన పిరమిడ్‌లా దిగుతుంది. 525 మైక్రాన్ల వేఫర్‌లో 500 మైక్రాన్లు దిగి ఒక మిల్లీమీటరు డయాఫ్రమ్‌ కావాలంటే, వెనక కాపు పొరలో తెరిచే కిటికీ సుమారు 1.7 మిల్లీమీటర్లుండాలి. వాలు మరిచిపోయి ఆ కిటికీ నమూనా ఉండే మాస్క్‌ మీద ఒక మిల్లీమీటరే గీస్తే, అడుగున దక్కేది 0.3 మిల్లీమీటర్ల లోపే. రెండుకు వర్గమూలం తెలిసిన ఇంటర్‌ విద్యార్థి చేయగల లెక్క అది. చేయకపోతే మాస్క్‌ డబ్బు, రోజుల పని బూడిదలో పోసినట్టే.

80 డిగ్రీల దగ్గర తొలిచే వేగం సుమారు నిమిషానికి ఒక మైక్రాను. అంటే ఎనిమిది గంటలు పైనే. గడియారాన్ని నమ్ముకుంటే చాలదు. పెట్టెలోంచి తీసిన వేఫర్లలోనే 20 మైక్రాన్లు అటూ ఇటూ తేడా ఉండొచ్చు. 505 మైక్రాన్ల వేఫర్‌ మీద డయాఫ్రమ్‌ 5 మైక్రాన్లే మిగిలితే, 545 దాని మీద 45 మిగులుతుంది. వేఫర్లన్నిటి మందం ముందే కొలవాలనీ, మధ్యలో తీసి లోతు చూడాలనీ ప్లాన్‌లో ఒక గడి ఉండాలి. కొత్తగా రాసేవాళ్లు చేసే పనులన్నీ రాస్తారు, కొలిచే పనులు వదిలేస్తారు.

మన దేశంలో ఈ విద్య నేర్చుకునే దారి లేదనలేం. బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయిల క్లీన్‌రూమ్‌లను బయటి పరిశోధకులకు తెరిచేందుకు కేంద్రం 2008లో నానోఎలక్ట్రానిక్స్‌ యూజర్స్‌ ప్రోగ్రామ్‌ మొదలుపెట్టింది. తర్వాత మరికొన్ని ఐఐటీలూ చేరాయి. గుజరాత్‌లోని ధొలేరాలో 91 వేల కోట్ల టాటా ఫ్యాబ్‌కు 2024లో కేంద్ర కేబినెట్‌ ఆమోదం తెలిపింది. అయినా హైదరాబాద్‌లో చిప్‌ డిజైన్‌ కంపెనీలకు కొదవ లేదు కాబట్టి మన పిల్లలకు చిప్‌ల పాఠమైన వీఎల్‌ఎస్‌ఐ అంటే స్క్రీన్‌ మీద డిజైనే. ఫ్యాబ్రికేషన్‌ పరీక్ష ముందు రోజు బట్టీపట్టే యూనిట్‌గా మిగిలింది.

క్లీన్‌రూమ్‌ కట్టే స్థోమత జిల్లా కాలేజీకి ఉండదు, ఉండక్కర్లేదు. చార్టు పేపరు, రంగు పెన్సిళ్లు, కాలిక్యులేటర్‌ చాలు. ఫైనలియర్‌లో నలుగురు విద్యార్థులు ఈ సెన్సర్‌కు ప్రతి అడుగు తర్వాతా వేఫర్‌ అడ్డుకోత ఎలా ఉంటుందో గీయాలి. సిమ్యులేషన్‌ సాఫ్ట్‌వేర్‌ ఉంది కదా అనొచ్చు. ఇచ్చిన వరుసను అది లెక్కగడుతుంది గానీ, హోల్డర్‌ రింగు కారుతుందని చెప్పదు. అందుకే వైవాకు ప్రొఫెసర్‌తో పాటు ఎక్కడైనా ఫర్నేసు నడిపే టెక్నీషియన్‌నూ, వీలైతే వీడియోలోనైనా, కూర్చోబెట్టాలి. ఆయన సూత్రాలు అడగరు. తొమ్మిదో అడుగు మీద వేలు పెట్టి, ‘ఈ వేఫర్‌ పొటాషియం బాత్‌లోంచి వచ్చింది కదమ్మా, కడగకుండా నా ఫర్నేసులోకి ఎలా తెస్తావు?’ అని అడుగుతారు.