అడవి లెక్కలో మట్టి

2015లో పారిస్ ఒప్పందము సందర్భమున, 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనముగా 250 నుండి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువునకు సమానమైన కర్బనమును నిలువచేయుదునని భారతదేశము మాట ఇచ్చినది. ఇందుకు ఏ చెట్టైనను చాలునా? మన అడవుల కర్బనములో సగమునకు పైగా మట్టిలోనే యున్నది.

19వ శతాబ్దమున ఆస్ట్రేలియానుండి తెచ్చిన వాటిల్ అను తుమ్మజాతి వృక్షము నీలగిరుల పచ్చికబయళ్లను ఆక్రమించినది. పచ్చిక తన కర్బనమును వేళ్లలోను, మట్టిలోను దాచును. వాటిల్ చాలభాగమును కలపలో కూర్చును. కలప కాలిననాడు అది తిరిగి గాలిలో కలియును. ఆ చెట్టు నేలకు నత్రజనిని చేర్చుమాటయు నిజమే. కావున మట్టిని పరీక్షింపక లాభనష్టములు తేలవు.

అయినను అటవీ సర్వేక్షణ, హెక్టారుకు తగ్గని భూమిలో 10 శాతము చెట్లనీడ యున్నచో, జాతి ఏదైనను అడవిగనే లెక్కించుచున్నది. నాటుటకు ముందును, పిదపను మట్టిని కొలువనిదే ఏ వనమును లాభముగా వ్రాయరాదు.