నూతినీరును అడుగుఱాయియు

గౌతమి గట్టుననున్న రావులపాలెమువంటి యూళ్లవారికి, త్రాగునీరే మనుష్యుని నడుము వంచునని చెప్పిన నమ్మబుద్ధి పుట్టదు. మన నేల గోదావరి తెచ్చిపోసిన వండలి. కొలదిలోతుననే ఇసుకపొరలలో నీరూరును. ఇంకను దిగినచో పలుచోట్ల ఉప్పనీరు తగులును. ఉప్పును నాలుక పట్టియిచ్చును గనుక ఆ నీటిని మనమే విడిచిపెట్టుదుము. నాలుకకు చిక్కని దోషము వేఱొకటి తెలుగునాటి మెట్టసీమలలో కలదు. అది ఫ్లోరైడు.

నాటి నెల్లూరు జిల్లాలో జనుల పండ్లపై గోధుమవన్నె చారలు పడుటకును, వెన్నెముకలు బిగిసిపోవుటకును నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి యను పరిశోధకులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ సీమయు ఈ వ్యాధికి పేరుపడినది.

దోషము నూతిది కాదు, అడుగునున్న రాతిది. గ్రానైటు, నైస్సు శిలలలోని నల్ల అభ్రకము, ఫ్లోరైటు, అపటైటు మొదలగు ఖనిజములలో ఫ్లోరైడు ఇమిడియున్నది. వాననీరు ఆ రాతి నెఱ్ఱెలలో దిగి, నిలిచినకొలది దానిని కరగించుకొనును. నీటిలో సున్నపుపాలు మెండైనచో ఫ్లోరైడు దానితో కూడి కొంత గట్టిపడి విడిపోవును. సున్నము తగ్గి, సోడాక్షారము హెచ్చిన నీటిలో అది కరగియే నిలుచును. కావున పప్పు త్వరగ ఉడికినదని నీటిని మెచ్చుకొన వీలులేదు! ఒకే యూర చెఱువుక్రింది నూతినీరు నిర్దోషమై, వేఱొక వీధి బోరునీరు వ్యాధికరమగుటయు కలదు.

బోరులు వచ్చినపిమ్మట నీరు పడుటయే గెలుపుగ నెంచితిమి. వాననీరు చేరి పలుచనగు పైనీటిని దాటి, చిరకాలము రాతిలో నిలిచిన నీటిని అవి తోడును. లోతైనకొలది శుద్ధమను వాదము రాతినేలలో చెల్లదు. పైనూతులన్నియు నిర్దోషులని మా వాదము కాదు. బోరులు విరివిగ రాకమునుపే నెల్లూరు సీమలో వ్యాధి పట్టుబడినది.

కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, ఆవిరిపోయినకొలది చిక్కనగును. పటికయు సున్నమును కలిపి మడ్డి దింపెడు నల్లగొండ పద్ధతి మంచిదే. కాని దినదినము కొలత తప్పక ఎవరు చేయుదురు? మేలైన యుపాయము నదీజలమే. ఆ మాట వచ్చినప్పుడు మన వరిచేలకు తడి తగ్గునేమోయని ముందుగ గొణిగెడువారము డెల్టావాసులమే. త్రాగునీటికి కావలసినది పంటకు పాఱెడు నీటిలో అత్యల్పభాగమని ఎఱిగియు గొణుగుచున్నాము.

లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. వేఱు నీరున్నచోట 1 మిల్లీగ్రామే మన దేశపు ప్రమాణము. పరీక్ష కానిదే ఏ బోరునీటిని ప్రజలకు వదలరాదు. బోరువేయించిన పెద్దల పేళ్లు చెక్కుటకు రాయి దొరకుచున్నది గదా, ఆ రాతిపైననే ఫ్లోరైడు అంకెయు చెక్కింపవలయును. నీరు అడుగంటు వేసవిలో మరల పరీక్షించి, అంకె మాఱినచో దిద్దవలయును.