లంకెలోనే ఉంది కిటుకు

2024 జులై బడ్జెట్‌లో కేంద్రం మూడు క్యాన్సర్ మందులపై కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. వాటిలో ఒకటి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్. రొమ్ము క్యాన్సర్ రోగుల ఇళ్లలో ఈ పేరు ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ధర తగ్గాల్సిందే, ఇంకా తగ్గాలి. అయితే ఈ మందు పనితనమంతా ఎక్కడుందో తెలుసుకోకుండా ధర ఒక్కటే చూస్తే చాలదు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ట్రాస్టుజుమాబ్ యాంటీబాడీ 1998 నుంచీ వాడుకలో ఉన్నదే. దానికి విషపు మందును ఏ లంకెతో, ఎలా తగిలించారన్నదే ఇక్కడ కొత్త.

యాంటీబాడీకి విషపు మందు తగిలించిన ఈ కోవలో అమెరికా అనుమతి పొందిన మొదటి మందు మైలోటార్గ్. 2000లో రక్త క్యాన్సర్ కోసం వచ్చింది. కణం లోపలి ఆమ్లానికి తెగేలా అందులో హైడ్రజోన్ లంకె పెట్టారు. అది రక్తంలోనూ కొంత తెగింది. పైగా దాదాపు సగం యాంటీబాడీలకు మందే అంటుకోలేదు. తర్వాతి పరీక్షలో మేలు తేలలేదు, మరణాలు పెరిగాయి. 2010లో కంపెనీయే మందును వెనక్కి తీసుకుంది. మోతాదు తగ్గించాక 2017లో మళ్లీ అనుమతి దొరికింది.

మందును అతికించే మొదటి దారి లైసిన్ అనే అమైనో ఆమ్లానిది. యాంటీబాడీపై ఎనభైకి అటూ ఇటూ లైసిన్లుంటాయి. మందు వాటిలో దేనికి అతుక్కుంటుందో ముందుగా చెప్పలేం. 2013లో వచ్చిన కాడ్‌సైలాలో సగటున ఒక్కో యాంటీబాడీకి 3.5 మందు అణువులుంటాయి. అది సగటు మాత్రమే. ఒకే సీసాలో ఒక్కటీ అంటనివీ ఉంటాయి, ఏడెనిమిది మోసేవీ ఉంటాయి.

రెండో దారి సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లానిది. యాంటీబాడీ గొలుసులను కలిపి ఉంచే నాలుగు గంధకపు బంధాలను జాగ్రత్తగా విడదీస్తే ఎనిమిది సిస్టీన్లు బయటపడతాయి. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్‌లో ఆ ఎనిమిదీ నిండుతాయి. కలిపేది మాలిమైడ్ అనే చిన్న వలయం. దీనికీ ఓ బలహీనత ఉంది. రక్తంలో తిరిగే ఆల్బుమిన్‌కూ ఒక ఖాళీ సిస్టీన్ ఉంటుంది. మాలిమైడ్ పట్టు సడలితే మందు దాని మీదికి మారిపోగలదు. నీటితో చర్య జరిగి వలయం తెరుచుకుంటే పట్టు బిగుస్తుంది. అందుకే ఆ తెరుచుకోవడాన్ని త్వరపెట్టే మాలిమైడ్‌లను రసాయనవేత్తలు తయారు చేశారు.

2008లో జెనెన్‌టెక్ శాస్త్రవేత్త జగత్ జునుతుల బృందం యాంటీబాడీ జన్యువునే మార్చి, కోరిన చోట సిస్టీన్ పెట్టింది. ఒక్కో యాంటీబాడీకి దాదాపు రెండే మందు అణువులు అతికాయి. జంతువుల్లో మందు బలం తగ్గలేదు, విషప్రభావం తగ్గింది.

మందులకే కాదు, యాంటీబాడీకి అతికించి జాడ చూపే అణువులకూ ఇదే రసాయనం. శాస్త్రవేత్త ఆల్బర్ట్ కూన్స్ 1940ల తొలినాళ్లలో మెరిసే రంగును అతికించి యాంటీబాడీ జాడ పట్టింది ఈ లైసిన్ల ఆసరాతోనే. అక్కడ లంకె తెగితే చిత్రం చెడుతుంది. మందులో అది రక్తంలోనే తెగితే మనిషికి ప్రమాదం.

మన దేశంలో ఈ మందులను పోలిన తయారీలు, అంటే బయోసిమిలర్లు, రావడం మంచిదే. ఒక్కో యాంటీబాడీకి సగటున ఎన్ని మందు అణువులున్నాయి, అంటనివి ఎంత శాతం, సీసాలో విడిగా తేలే విషం ఎంత అన్న లెక్కలు మాత్రం కంపెనీ ఫైళ్లలోనే ఉండిపోకూడదు. మందు రాసిచ్చే ఆంకాలజిస్టు చేతికి అవి అందాలి.