"రక్తం తక్కువ" అని టానిక్‌తో సరిపెట్టొద్దు



మన తండాల్లో పిల్లోడు పాలిపోతే "రక్తం తక్కువ" అంటాం, ఆర్‌ఎంపీ దగ్గర టానిక్ రాయించుకుంటాం. చాలాసార్లు తగ్గుతుంది కూడా. కానీ విడవని జ్వరం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, ఎముకల నొప్పి తోడైతే అది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ కావచ్చు. ఏడాది నిండని బిడ్డ పాలిపోతుంటే తలసీమియా కావచ్చు. వెంటనే సీబీసీ పరీక్ష చేయించాలి. తేడా ఉంటే పిల్లల రక్తవ్యాధులు, క్యాన్సర్లు చూసే డాక్టర్ దగ్గరికి పోవాలి.

క్యాన్సర్ అంటే అయిపోయినట్టే అనుకోవద్దు. 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్ మందు, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిందే. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు. ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా లేదు. జబ్బు ఆలస్యంగా తెలియడం, వైద్యం మధ్యలో ఆగడం దీనికి పెద్ద కారణాలు.

లుకేమియాలో ఎక్కువగా కనిపించే రకానికి వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల దాటేసరికి చాలామంది పిల్లలు లేచి ఆడుకుంటారు. కారంపూడి నుంచి గుంటూరుకో హైదరాబాద్‌కో పోయిన ప్రతిసారీ అమ్మానాన్నలకు కూలి పోతుంది. మిర్చి కోతలప్పుడు మరీ కష్టం. "తగ్గింది కదా" అని మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. అమ్మానాన్నలను తిట్టడం తేలిక. నా ఉద్దేశంలో, వాయిదాకు రాని బిడ్డ ఏమయ్యాడో ఫోన్ చేసి కనుక్కోవడం కూడా డాక్టర్ పనే. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో వైద్యం దొరికినా బస్సు చార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు? అది ప్రభుత్వమే ఇవ్వాలని మనం గట్టిగా అడగాలి.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు. అయినా మన హాస్టళ్లలో, గురుకులాల్లో సికిల్ సెల్, తలసీమియా పరీక్షలు చేయించమని అడుగుదాం. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలున్న ఇళ్లలో పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవడం మంచిది.

మనం చేయగలిగిందీ ఉంది. తండాకొకరు తోడు వెళ్దాం, ఫారాలు నింపుదాం. తలసీమియా బిడ్డకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. 18 దాటి ఆరోగ్యంగా ఉన్నవాళ్లం ఇద్దాం. ఎంబీబీఎస్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పిల్లల వైద్యంలో ఎండీ, ఆపైన ఈ రక్త, క్యాన్సర్ వైద్యంలో డీఎం గురించి ఆలోచించండి. మన భాషలో అమ్మకు నచ్చజెప్పే డాక్టర్ ఉంటే ఆ బిడ్డ వైద్యం మధ్యలో ఆగదు.